కాన్పు లేకుండా పాలు వస్తున్నాయా? అది తప్పు కాదు, జబ్బు

గర్భం లేదు, చంటిబిడ్డ లేదు. అయినా రొమ్ముల్లోంచి పాలు వస్తున్నాయి, నెలసరి ఆగిపోయింది. కడప, రాయచోటి, గోదావరి జిల్లాల నుంచి కువైట్‌కి ఇంటిపనికి వచ్చిన ఆడవాళ్లకి ఇలా జరిగితే ముందు పట్టుకునేది భయం. పెళ్లి కాకుండా గర్భం అంటే ఇక్కడ కేసు అవుతుంది. కఫీల్ ఇంట్లో ఏమనుకుంటారో, ఊళ్లో భర్త ఏమంటాడో అని దాచుకోవాలనిపిస్తుంది. దాచుకోవద్దు. దీనికి నడవడికతో సంబంధం లేదు.

ఎందుకు వస్తుంది?

మెదడు అడుగున, ముక్కుకి వెనక వైపు బఠానీ గింజంత పిట్యూటరీ గ్రంథి ఉంటుంది. రొమ్ములో పాలు పడేలా చేసే ప్రొలాక్టిన్ అనే హార్మోన్ అక్కడి నుంచే వస్తుంది. ఆ గ్రంథిలో చిన్న గడ్డ లేస్తే హార్మోన్ ఎక్కువైపోతుంది. పాలు వస్తాయి, నెలసరి తప్పుతుంది, పిల్లలు కలగడం కష్టమవుతుంది. ఈ గడ్డ పేరు ప్రొలాక్టినోమా. ఇది క్యాన్సర్ కావడం చాలా చాలా అరుదు.

గడ్డ లేకపోయినా పాలు రావచ్చు. థైరాయిడ్ తక్కువైనా వస్తాయి. కొన్ని మానసిక జబ్బుల మందులతోనూ, వాంతులకి, గ్యాస్‌కి వాడే డోంపెరిడోన్‌తోనూ వస్తాయి. ఊరి నుంచి తెప్పించుకునే గ్యాస్ మాత్రల్లో చాలావాటిలో ఇది కలిసి ఉంటుంది. వాడే మాత్రల అట్టలు డాక్టరుకి చూపించండి. మానసిక జబ్బుల మందులు మాత్రం సొంతంగా ఆపేయొద్దు.

మగవాళ్లకీ వస్తుంది. కోరిక తగ్గుతుంది, తలనొప్పి ఉంటుంది. గడ్డ పెద్దదై కంటి నరాన్ని నొక్కితే పక్కచూపు పోతుంది. డ్రైవర్లకి ఇది ప్రమాదం: పక్క నుంచి వచ్చే బండి కనబడదు.

పరీక్షలు, మందు

బతాకా తీసుకుని మీ ఏరియా సర్కారు క్లినిక్‌కి వెళ్లండి. ముందు గర్భ పరీక్ష చేస్తారు. గర్భం లేదన్న ఆ కాగితం జాగ్రత్తగా దాచుకోండి. తర్వాత ప్రొలాక్టిన్, థైరాయిడ్ రక్త పరీక్షలు. భయం, కంగారు ఉన్నా ప్రొలాక్టిన్ కొంచెం పెరుగుతుంది, అందుకే మళ్లీ చేయమనొచ్చు. బాగా ఎక్కువ ఉంటే ఎంఆర్ఐ తీస్తారు.

చాలామందికి ఆపరేషన్ అక్కర్లేదు. క్యాబర్గోలిన్ మాత్ర వారానికి ఒకటి రెండుసార్లు వేసుకుంటే పాలు ఆగుతాయి, గడ్డ కూడా తగ్గుతుంది. సాధారణంగా కనీసం రెండేళ్లు వాడాలి, మధ్యలో మానొద్దు. ఊరెళ్లేటప్పుడు రిపోర్టులు వెంట తీసుకెళ్తే తిరుపతి స్విమ్స్‌లో, హైదరాబాద్ నిమ్స్‌లో హార్మోన్ల డాక్టర్లు చూస్తారు.

ఉన్నట్టుండి భరించలేని తలనొప్పి, వాంతులు, చూపు మసక వస్తే ఆగొద్దు, 112కి ఫోన్ చేయండి. రొమ్ములో గడ్డ తగిలినా, రక్తం కారినా వెంటనే డాక్టరుకి చూపించుకోవాలి.

మీ హక్కు

ఇంటిపనివాళ్లకి వైద్యం చేయించే బాధ్యత యజమానిదేనని కువైట్ 2015 నాటి 68వ నంబరు చట్టం చెబుతోంది. పంపకపోతే భారత రాయబార కార్యాలయానికి చెప్పుకోవచ్చు.

ఊళ్లో ఉన్న భర్తలకి, అత్తమామలకి ఒక మాట: నింద వేసే ముందు రిపోర్టు అడగండి. దూరంలో ఉన్న మనిషికి మీ నమ్మకం కూడా వైద్యమే.