గృహస్థాయి లాగర్ బీరు తయారీలో ఈస్టు రకం ఎంపిక

బార్లీ మాల్ట్ రసాన్ని తక్కువ ఉష్ణోగ్రతలో పులియబెట్టి, ఆపై కొన్ని వారాలు సున్నాకు చేరువైన చలిలో నిల్వ ఉంచగా లాగర్ బీరు తయారవుతుంది. అమెరికా, జర్మనీ వంటి దేశాల్లో సొంత వినియోగానికి దీనిని ఇంటివద్ద పరిమితంగా తయారు చేసుకోవడానికి చట్టం అనుమతిస్తుంది. ఈ తయారీలో ఈస్టు పేరుప్రఖ్యాతుల కంటే నిలకడగా ఉంచగల ఉష్ణోగ్రతకే ప్రాధాన్యం ఇవ్వాలి. నేల స్వభావం, నీటి వసతిని బట్టి వంగడాన్ని ఎంచుకోవడం వంటిదే ఇది.

జన్యు నేపథ్యం: 1883లో కోపెన్‌హేగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ లాగర్ ఈస్టును శుద్ధ వర్ధనంగా వేరుచేశారు. శాక్రోమైసిస్ పాస్టోరియానస్ అనే ఈ ఈస్టు ఒక సంకర జాతి. రొట్టెల తయారీలో వాడే శాక్రోమైసిస్ సెరివిసియే దీని జనకాలలో ఒకటి. రెండవది శాక్రోమైసిస్ యూబయానస్. పటగోనియా అడవుల్లో లభించిన ఈ జాతిని 2011లో వర్ణించారు. చలిని తట్టుకునే గుణం దీని నుంచే సంక్రమించింది. లాగర్ ఈస్టులలో సాజ్, ఫ్రోబెర్గ్ అనే రెండు వర్గాలున్నాయి. సాజ్ వర్గం చలికి ఎక్కువగా ఓర్చుకుంటుంది, కాని మాల్టోట్రయోజ్ చక్కెరను అంతగా వినియోగించుకోలేదు. ఫ్రోబెర్గ్ వర్గం దానిని బాగా వినియోగించుకుని, తీపి తక్కువగా మిగిలే బీరునిస్తుంది. విస్తృతంగా వాడే వైహెన్‌స్టెఫాన్ 34/70 ఈ వర్గానికి చెందినదే.

ఉష్ణోగ్రత: 8 నుంచి 14 డిగ్రీల సెల్సియస్‌ను నిలకడగా ఉంచగలిగితే చాలా లాగర్ రకాలు అనువైనవి. వేడి పెరిగితే ఎస్టర్లు ఎక్కువై, లాగర్‌కు తగని పండ్ల వాసన వస్తుంది. 16-18 డిగ్రీల కంటే తగ్గించలేనిచోట శాన్ ఫ్రాన్సిస్కో స్టీమ్ బీరుకు వాడే లాగర్ రకం గాని, కొలోన్ నగరపు కోల్ష్ బీరుకు వాడే ఏల్ ఈస్టు గాని మేలు.

కణాల సంఖ్య: చలిలో ఈస్టు వృద్ధి మందగిస్తుంది. అందువల్ల ఏల్ బీరుకు వాడే మోతాదుకు దాదాపు రెట్టింపు, అంటే ఒక్కో ప్లేటో డిగ్రీకి మిల్లీలీటరుకు సుమారు 15 లక్షల సజీవ కణాలు వేయాలి. 12 ప్లేటో డిగ్రీల గాఢత గల 20 లీటర్ల రసానికి ఇది 36,000 కోట్ల కణాలవుతుంది. ద్రవరూప వర్ధనాన్ని ముందుగా పలుచని మాల్ట్ రసంలో పెంచుకోవాలి.

డైఎసిటైల్ నివారణ: కిణ్వనంలో ఏర్పడే డైఎసిటైల్ బీరుకు వెన్న వాసన నిస్తుంది. దీనిని ఈస్టే తిరిగి గ్రహించి తొలగిస్తుంది, అయితే చలిలో ఈ చర్య నెమ్మదిస్తుంది. కిణ్వనం ముగింపుకు వచ్చినపుడు ఉష్ణోగ్రతను 15-18 డిగ్రీలకు పెంచి రెండు మూడు రోజులు ఉంచాలి. త్వరగా అడుగుకు చేరే రకాలు బీరును తొందరగా తేటపరుస్తాయి, కాని ఈ పని పూర్తి కాకముందే పేరుకుపోవచ్చు. కాబట్టి తేటదనం ఒక్కటే చూసి రకాన్ని నిర్ణయించరాదు.

ముందుగా ఉష్ణోగ్రత, తరువాత కావలసిన తీపి, చివరగా పేరుకునే గుణం అన్న వరుసలో పరిశీలిస్తే ఎంపిక సులభమవుతుంది. తెలుగు రాష్ట్రాలలో అనుమతి లేకుండా మద్యం తయారీని ఎక్సైజ్ చట్టాలు నిషేధించినందున, ఇక్కడ ఈ విషయం సూక్ష్మజీవశాస్త్ర బోధనకు ఉపకరిస్తుంది. సూక్ష్మజీవి రకాన్ని పరిసరానికి తగినట్లు ఎంచుకోవాలన్న సూత్రం పెరుగు తోడుకైనా, జీవన ఎరువులకైనా ఒక్కటే.