అడుగుకు అంగుళం

మీరెప్పుడైనా అట్టపెట్టెలో ఇల్లు కట్టారా? నేను కట్టాను. కట్టిన తర్వాత తెలిసింది, ఇల్లు కట్టడం కన్నా అందులో మనిషిని ఉంచడం కష్టమని!

నల్లమల అంచున, మా అచ్చంపేటలో, అమ్మ ఒక్కతే ఉంటుంది. మోకాళ్ళు పట్టేశాయి గనక పెరట్లో ఆమెకో గది వేయిద్దామనుకున్నాను. నాకేమో కొత్త పద్ధతి గదులంటే మోజు: నగిషీలు లేని గోడలు, తక్కువ సామాను, ధారాళంగా గాలీ వెలుతురూ.

మోజుకు మందు చికాగోలో దొరికింది. అక్కడి ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో 68 బుల్లి గదులున్నాయి. నార్సిస్సా థోర్న్ అనే ఆవిడ 1932, 1940 సంవత్సరాల మధ్య పనివాళ్ళను పెట్టి చేయించింది. లెక్క అడుగుకు అంగుళం. పాతకాలపు దివాణాల సరసనే 1930ల నాటి ఫ్రెంచి గ్రంథాలయం, 1940 ప్రాంతపు కాలిఫోర్నియా ఇంటి నడవా ఉన్నాయి. బొమ్మలు చూసి మురిసిపోయాను.

సరే, పన్నెండడుగుల గదికి పన్నెండంగుళాల పెట్టె తెచ్చాను. కప్పు కింద పొడుగాటి సన్నని కిటికీ కోశాను. 1950లలో చండీగఢ్ నగరం కోసం పియరీ జన్నరె టేకుతో, పేము అల్లికతో చేయించిన కుర్చీలను తలచుకుని ఓ కుర్చీ చేశాను. టేకుకు బదులు జొన్న బెండు, మేకులకు బదులు ఈనెలు, పేముకు బదులు దారం! చిన్నప్పుడు అదే బెండుతో బండ్లు చేసుకోని పిల్లలు మా ఊళ్ళో ఎవరు?

అమ్మకు చూపించాను. ఆమె ఏమీ అనలేదు. పాతచీర పేలికతో ఐదంగుళాల బొమ్మ చుట్టి కుర్చీలో కూర్చోబెట్టింది.

"ఇంత కిందికి కూసుంటె నన్నెవరు లేపుతరు బిడ్డా?"

బొమ్మను మంచం మీద పడుకోబెట్టి, పక్కనే కన్ను ఆనించి చూసింది.

"ఆకాశమొక్కటే కనవడ్తది. వాకిట్లకు ఎవరొచ్చిండ్రో నాకెట్ల తెలుస్తది? దిగూడు యాడున్నది?"

నాకు నోట మాట రాలేదు. థోర్నమ్మ గదుల్లో మనుషుల బొమ్మలు లేవు. చూసేవాళ్ళే ఊహించుకోవాలి. నేనూ అమ్మను ఊహించుకున్నానే గాని, అడగలేదు! అవసరానికి తగ్గట్టు వస్తువు ఉండాలనే గదా కొత్త పద్ధతి చెప్పేదీ? ఆ పాఠం పేలిక బొమ్మ నేర్పింది.

బ్లేడు పట్టుకుని నేలకు రెండంగుళాల ఎత్తున కొత్త కిటికీ కోశాను. కుర్చీని అంగుళంన్నర ఎత్తు చేశాను. మేస్త్రీ ఆ పెట్టెనే చూసి గోడలు లేపాడు.

ఇప్పుడు అమ్మ మంచం మీది నుంచే వాకిట్లో వాళ్ళను పలకరిస్తుంది. కరెంటు పోతే దిగూట్లో దీపం వెలుగుతుంది. దీపం లేనప్పుడు అక్కడ కూర్చునేది జొన్న బెండు కుర్చీ.