అమ్మకం లేని అంగడి

బెల్జియం సముద్రతీరాన, ఓస్టెండ్ పట్టణంలో, ఒక చిత్రకారుని అంగడి కలదు. శంఖాలు, గవ్వలు, చీనా పింగాణీ, గడ్డి కూరిన జంతువులు, ఉత్సవాలలో వేషగాండ్రు ధరించే మాస్కులు: ఒకదానితో ఒకటికి పొత్తులేని సరుకు. 1917లో తల్లి వైపు బంధువుల నుండి ఇది జేమ్స్ ఎన్సార్‌కు సంక్రమించినది. ఆయన బేరం కొనసాగించలేదు. సరుకును కదలనూ నీయలేదు. వర్తకునికిది వెర్రిగా తోచవచ్చు. అయితే 1860లో జన్మించిన ఎన్సార్ ఇటువంటి అంగడి నడుమనే పెరిగినాడు. పెద్దమనుష్యుడు గాని, న్యాయాధిపతి గాని ఆయన కుంచెకు చిక్కితే మాస్కు ఏదో, మొగమేదో తెలియరాదు. అట్టివానికి ఆ మాస్కులు అమ్ముకొనే సరుకెట్లా అవుతాయి?

1888లో రచించిన ‘క్రీస్తు బ్రస్సెల్స్ ప్రవేశం’ ఇందుకు పరాకాష్ఠ. 14 అడుగుల వెడల్పుగల ఆ పటంలో, మాస్కుల జనసమ్మర్దం నడుమ, క్రీస్తును వెదకి పట్టుకోవలసినదే! 1929 దాకా అది బహిరంగ ప్రదర్శనకు రాలేదు. అంగడి పైఅంతస్తులో, ఆయన హార్మోనియం వాయించుకొనే గదిలో, గోడనంతటినీ ఆక్రమించి ఉండేది.

1949లో ఎన్సార్ మరణించినాడు. ఇల్లు మ్యూజియమైనది. పటం అమెరికాలోని లాస్ ఏంజెలెస్ చేరినది. గవ్వలూ మాస్కులూ ఓస్టెండ్‌లోనే ఉన్నవి.