లెక్క చేతిలో ఉంటేనే మాటకు విలువ

గూడు నిలబడటానికి కోర్టు తీర్పు ఒక్కటే చాలదు. 1985లో ఓల్గా టెల్లిస్ కేసులో జీవనోపాధి కూడా జీవించే హక్కులో భాగమేనన్న సుప్రీంకోర్టు, వానాకాలం వెళ్లాక బొంబాయి ఫుట్‌పాత్‌ల మీది గుడిసెలు తీసేయవచ్చనీ చెప్పింది. అదే ఏడాది ఆ నగరంలోని బైకుల్లా ప్రాంతంలో స్పార్క్ సంస్థ ఫుట్‌పాత్ కుటుంబాలను లెక్కించింది. ఆ కృషిలోంచే ఫుట్‌పాత్ మహిళల సంఘం మహిళా మిలన్ పుట్టింది. ఆడవాళ్లు ఇంటింటి వివరాలు సేకరించడం, పొదుపు నడపడం, అధికారులతో మాట్లాడటం నేర్చుకున్నారు. గది ఎత్తు 14 అడుగులుంటే అటక వేసుకోవచ్చని నమూనా ఇంటితో చూపించారు.

ఇళ్ల విధానాలు నిపుణుల పని కదా అని కొందరు అంటారు. ఇంజినీరుకు సిమెంటు లెక్క తెలుసు. పనికి దూరంగా కట్టిన ఇల్లు ఎందుకు అక్కరకు రాదో ఉండేవాళ్లకే తెలుసు. ఇలా బస్తీవాళ్లకు నేర్పే శిక్షణ పేరుతో సర్కారు బాధ్యతను పేదల నెత్తిన రుద్దుతున్నారన్న విమర్శలో నిజముంది. అయితే ఆ బాధ్యతను నిలదీసి అడగగలిగేది లెక్కలు చేతిలో ఉన్న బస్తీయే.