ఆకాశవాణియు జానపదీవృత్తియు

‘జానపదగేయ’మను మాట రేడియోమూలమున నేఁడు తెలుఁగునాట నింటింట వినఁబడుచున్నది. కాని యా పేరఁ బ్రసారమగు పాటను విని తృప్తిపడక, అది తమ యూరి పాటను బోలియుండియుఁ దమ యూరి పాట కాదని విసుగుకొను శ్రోతలు పెక్కురు గలరు. ఈ విసుగు నిష్కారణము కాదు. దానికిఁ గారణ మేమి, మేలైన పాట యెచ్చట దొరకును అను రెండు విషయము లిచ్చట విచారింపఁబడుచున్నవి.

మొదట శబ్దమును గూర్చి. పాణిని యష్టాధ్యాయిలో నాల్గవ యధ్యాయము, మొదటి పాదము, నలువదిరెండవ సూత్రము ‘జానపదీ’ శబ్దమును బేర్కొనుచున్నది. వృత్తి యను నర్థము వివక్షితమైనపుడు ఙీష్ ప్రత్యయము వచ్చును. అర్థాంతరమున ఙీప్ వచ్చును. రెండుచోట్లను రూప మొక్కటియే. అక్షరములలో నిసుమంతయు భేదము లేదు. భేదమంతయు స్వరమునందే కలదు: వృత్త్యర్థమున శబ్ద మంతోదాత్తము, అన్యార్థమున నాద్యుదాత్తము. వ్రాసి చూపినచో నీ రెంటిని వేఱుపఱుప నలవికాదు, పలికినపుడే తెలియును. జానపదగానమునందును ఇట్టి భేదమే యున్నది. వృత్తితోఁ గూడిన పాట యొకటి, వృత్తి తొలఁగిన పాట మఱియొకటి. రెంటికిని మాట లొక్కటియే కావచ్చును; స్వరము మాత్రము వేఱు.

తెలంగాణమున జానపదగానము వృత్తిగానే పెరిగినది. వృత్తి యనఁగాఁ గేవలము పొట్టకూటి మార్గము కాదు. ఒక కులమువారికి మఱియొక కులమువారు కథ చెప్పు హక్కును, ఆ కథను నిలుపు బాధ్యతయును. ఒగ్గువారు కురుమలకును గొల్లలకును మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మల కథలు చెప్పుదురు. మందహెచ్చులవారు గొల్లలకుఁ గాటమరాజు కథను, చిందువారును డక్కలివారును మాదిగలకు జాంబపురాణమును, కాకిపడగలవారు ముదిరాజులకుఁ బాండవుల కథను, కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయపురాణమును వినిపింతురు. ఇట్లు వచ్చు కథకుఁడు భిక్షకై వచ్చినవాఁడు గాఁడు. దాత వంశమునకు దాని పురాణమును జెప్పవచ్చినవాఁడు. వినువారికిఁ గథ ముందే తెలియును. ఒక పేరు తప్పినను, ఒక ఘట్టము విడిచినను వారు నిలువఁదీసి యడుగుదురు. కావున నీ గానమునకు శ్రోతలే లాక్షణికులు.

పూర్వపండితు లీ గానమును దక్కువగాఁ జూడలేదు. పాల్కురికి సోమనాథుఁడు పండితారాధ్యచరిత్రమునఁ దుమ్మెదపదములు, వెన్నెలపదములు మున్నగు పాటల జాతులను బేర్కొనెను. క్రీడాభిరామమున జక్కుల పురంధ్రియుఁ, బల్నాటివీరుల కథను బాడు స్త్రీయు నోరుగంటి వీథులలోఁ గానవత్తురు. కాకతి గణపతిదేవుని గజసేనాధిపతి జాయపసేనాని 1253–54 ప్రాంతమున రచించిన నృత్తరత్నావళిలో నెనిమిది యధ్యాయములు గలవు. మొదటి నాలుగు మార్గమునకు, తక్కిన నాలుగు దేశికి. అనఁగా శాస్త్రగ్రంథమున సరిగా సగము దేశికే దక్కినది. ఆ కాలమున రేచర్లవారు కట్టించిన దేవాలయములు సూర్యాపేట చేరువనున్న పిల్లలమఱ్ఱిలో నేఁటికిని నిలిచియున్నవి.

ఆ ప్రాంతమునందలి పెన్‌పహాడ్ మండలమునే దృష్టాంతముగాఁ గొనవచ్చును. 2016 వఱకు నల్లగొండ జిల్లాలో నుండి, పిమ్మట సూర్యాపేట జిల్లాలోఁ జేరిన యీ మండలము హైదరాబాదు, విజయవాడ రేడియోకేంద్రముల నడుమ నున్నది. అచ్చటి శ్రోతకు నగరములనుండియే పాట రావలయును. వచ్చునది చాలవఱకు సినిమాపాట. జానపదమన్న పేర వచ్చునది యొకటి రెండు చరణముల పాట. ఆ మండలమునకు దవ్వుగాని దురాజ్‌పల్లి గుట్టమీఁద రెండేండ్ల కొకసారి పెద్దగట్టు జాతర జరుగును. లింగమంతులస్వామికిని జౌడమ్మకును గొల్లలు చేయు నీ జాతర 2025 ఫిబ్రవరి 16 మొదలు 20 వఱకు నైదుదినములు జరిగినది. భేరీలు మ్రోయుచుండఁగా, గజ్జెల లాగులు దొడిగినవారు లింగని నామమును బిలుచుచు గుట్ట యెక్కుదురు. ఆ ధ్వనిని విన్న చెవికి రేడియోలోని జానపదము వెలవెలఁబోయినట్లు తోఁచుటలో వింత లేదు.

ఈ స్థితి యెట్లు వచ్చినదో చరిత్రమువలనఁ దెలియును. హైదరాబాదునఁ బ్రైవేటుగా మొదలైన రేడియో 1935లో నిజాము ప్రభుత్వము చేతికి వచ్చి దక్కను రేడియో యయ్యెను. అందుఁ బ్రాధాన్య ముర్దూకు. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్ర మారంభమయ్యెను. 1950 ఏప్రిలు 1న దక్కను రేడియో ఆలిండియా రేడియోలోఁ గలిసెను. 1952లో కేంద్రమంత్రి బి. వి. కేస్కరు సినిమాపాటను రేడియోనుండి తొలఁగింపఁబూని శాస్త్రీయసంగీతమునకుఁ బెద్దపీట వేసెను. శ్రోతలు సిలోను రేడియోవైపు మరలిరి. 1957 అక్టోబరు 3న వివిధభారతి పుట్టి సినిమాపాటను మరలఁ దెచ్చెను. ఈ కలహము మార్గసంగీతమునకును సినిమాపాటకును నడుమ జరిగినది. దేశిగానము రెండు పక్షములకును బరాయిదే యయ్యెను. గ్రామస్థుల కార్యక్రమములలో దానికిఁ గొంత చోటు దొరకినను, ఆ చోటు పంక్తి చివరి విస్తరి. తరువాత వచ్చిన ప్రైవేటు ఎఫ్.ఎం. కేంద్రములు ప్రధానముగా సినిమాపాటనే నమ్ముకొన్నవి.

ఇఁక దోషస్వరూపము. అది మూఁడు విధములు.

మొదటిది కాలలోపము. 78 తిరుగుడుల గ్రామఫోను రికార్డు ఒక్కవైపున మూఁడు నాలుగు నిమిషముల పాటనే పట్టును. సినిమాపాట యా కొలఁతకే యలవాటుపడినది. రికార్డు పోయినను గొలఁత పోలేదు. ఒగ్గుకథ రాత్రి తెల్లవాఱులు నడచును. దానినుండి నాలుగు చరణములు తీసి పాడించుట యధికారసూత్రమును విడిచి విధిసూత్రమును జదివించుట వంటిది. అనువృత్తి తెగిన సూత్ర మర్థము నీయదు. కథ తెగిన పాటయు నంతియే.

రెండవది వంతలోపము. ఒగ్గుకథలోఁ బ్రధానకథకుఁడు ప్రశ్న వేసినట్లు పాడఁగా వంత యందుకొని బదులు చెప్పును. డోలు, కంజిర, తాళము లా సంభాషణములోఁ బాలుగొనును. డప్పును మంటకుఁ గాఁచి బిగువు తెచ్చుకొని వాయింతురు. వంతను దీసి, యంత్రవాద్యమును జేర్చి, సానపట్టిన యొక్క కంఠముతోఁ బాడించినచోఁ బాట చెవికి నునుపగును గాని యందలి సంవాదము నశించును.

మూఁడవది భాషాలోపము. పాటలోని ప్రాంతీయరూపములను ‘దిద్దుట’ శిష్టత యని కొందఱి తలంపు. తెలంగాణమువారు ‘ఉన్నది’ యందురు. దానిని ‘ఉంది’ యని దిద్దినచో నాలుగు మాత్రలు మూఁడగును, దరువు కుంటును. ఆ కుంటును బూరింపఁ గొత్తమాట వచ్చును; దానివెంట మఱియొకటి. తుద కక్షరములును మిగులవు. వ్యాకరణము శబ్దమును గాపాడుటకే గాని పాట కాలు విఱుచుటకుఁ గాదు.

ప్రసిద్ధమైన యొక యుదాహరణము. నాగర్‌కర్నూలు జిల్లాకుఁ జెందిన దర్శనం మొగిలయ్య పండ్రెండుమెట్ల కిన్నెర వాయించు కథాగాయకుఁడు. సొరబుఱ్ఱలతోను వెదురుతోను నగు నా వాద్యముపైఁ బండుగ సాయన్న మున్నగు పాలమూరు వీరుల కథలను బాడుట యతని కులవిద్య. 2021లో ‘భీమ్లా నాయక్’ సినిమాపాట యారంభమున నతని కంఠము వినఁబడెను. 2022లోఁ బద్మశ్రీ లభించెను. సినిమావలన నతనికిఁ గీర్తి వచ్చినదనుట సత్యము. ఆ మేలును గాదనుట యన్యాయము. కాని యా పాటవద్దనే యాఁగిన శ్రోత గడపను జూచి యిల్లు చూచితి ననుకొన్నట్లే. కంఠము లోకమెల్ల వ్యాపించినది. సాయన్న కథ మాత్రము కిన్నెర దగ్గఱనే యుండిపోయినది.

ఇట్టి స్థితి తెలుఁగునాఁట మాత్రమే కలిగినది కాదు. అమెరికాలో నల్లజాతివారి పాటను వర్తకులు మొదట ‘రేస్ రికార్డు’లనిరి, 1949లో బిల్‌బోర్డు పత్రిక యా పేరును ‘రిథం అండ్ బ్లూస్’ అని మార్చెను. పిమ్మట, చర్చిలోని భక్తిగానపుఁ బిలుపును వంతను లౌకికగీతములోనికిఁ దెచ్చిన పాటకు ‘సోల్’ అను పేరు వచ్చెను. సోల్ అనఁగా నాత్మ. 1996లో నచ్చటి చట్టము మాఱి, ఒక్క సంస్థయే దేశమంతట నెన్ని రేడియోకేంద్రముల నైనను గొనుటకు వీలయ్యెను. ఊరూర నొక్కటే పాటల పట్టిక వినవచ్చెను. నల్లవారి పాట యని రేడియో మ్రోఁగించుదానిలో నాత్మ కొఱవడిన దని వినువారు వాపోయిరి. అయినను వాపోవుటతో నందఱు నూరకుండలేదు. 2001లో బ్రూక్లిన్‌లో డాప్‌టోన్ అను చిన్న సంస్థ వెలసి, షారన్ జోన్స్ వంటి గాయనిచేఁ బ్రత్యక్షవాద్యములతోఁ బాడించెను. అంతకుముందే యుత్తర ఇంగ్లండు యువకులు రేడియో విడిచిన సోల్ రికార్డులను వెదకి తెచ్చి, 1973 నుండి 1981 వఱకు విగన్ కసీనోలో రాత్రులందు వినుచు నాడిరి. దీనివలనఁ దెలియున దేమనఁగా, మేలైన పాట దానంతటఁ జెవిని బడదు. శ్రోతయే పరిశోధకుఁడు కావలయును.

తెలుఁగునాఁట నట్టి యన్వేషణమునకు మార్గదర్శక మొకటి కలదు. ఆకాశతరంగములు ప్రజల సొత్తని 1995లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. 2006లోఁ గేంద్రప్రభుత్వము స్వచ్ఛందసంస్థలకు సామాజికరేడియో నడుపుట కనుమతి నిచ్చెను. 2008 అక్టోబరు 15న జహీరాబాదు ప్రాంతమున మాచునూరులో దక్కను అభివృద్ధి సంస్థవారి సంఘం రేడియో యారంభమయ్యెను. దానిని నడుపఁ బూనినవారు దళితస్త్రీలు. వ్యవసాయము, విత్తనములు, పండుగలు, పాటలు వారి భాషలోనే, వారి కంఠములతోనే ప్రసారమైనవి. పాడినవారును విన్నవారును ఇరుగుపొరుగువారే. తప్పు పాడినచో మఱునాఁడు చేనిగట్టున దిద్దువారుందురు. రేడియో వృత్తిని మ్రింగక దానికిఁ దోడునీడగా నుండఁగలదని యీ దృష్టాంతము స్థాపించుచున్నది. లోపము యంత్రమునందు లేదు, వినియోగమునందే కలదు.

పండితుల పని యింతటితో మొదలగుచున్నది. జె. ఏ. బాయిల్ 1874లో ఇండియన్ ఆంటిక్వెరీ పత్రికలోఁ దెలుఁగు కథాగేయములను గూర్చి వ్రాసి సర్వాయి పాపని పాటను వెలువరించెను. బిరుదురాజు రామరాజు తెలుఁగు జానపదగేయసాహిత్యమును గూర్చిన సిద్ధాంతగ్రంథమును 1958లోఁ బ్రకటించెను. తంగిరాల వెంకటసుబ్బారావు కాటమరాజు కథలను గ్రంథరూపమునఁ దెచ్చెను. ఇవి దృఢమైన పునాదులు. అయినను గ్రంథమునఁ జేరునది యక్షరము. స్వరమును జెవి యొక్కటియే పట్టవలయును. పూర్వము దానికి సాధనము లేదు. నేఁడు చేతిలోని ఫోనే సాధనము.

కావునఁ బెన్‌పహాడ్ వంటి మండలములలోని బడిపండితులు సెలవుదినములలోఁ జేయఁదగిన పని యొకటి కలదు. తమ యూరికి వచ్చు కథకుఁ డెవరు, ఏ కులమువారికిఁ జెప్పును, ఎన్నియేండ్ల కొకసారి వచ్చును, ఏ వాద్యము వాయించును, వంత లెందఱు అను విషయములను మొదట వ్రాసికొనవలయును. పిదప నాతని యనుమతి గైకొని, ప్రతిఫలమిచ్చి, కథను మొదలునుండి తుదివఱకుఁ దెంపక రికార్డు చేయవలయును. ఒక్క యక్షరమును దిద్దరాదు; తెలియని మాటకు నర్థమును గథకునే యడిగి వేఱుగా వ్రాయవలయును. విద్యార్థులను వెంటఁబెట్టుకొని పోయినచో వారి చెవియుఁ దయారగును. ఈ పనికిఁ దొందర కలదు. ఏ కథకుని కుమారుఁడు కిన్నెరను దింపి పట్టణమున కూలికిఁ బోవునో, ఆ కథకునితో నొక పురాణము ముగియును. లిఖితగ్రంథము చెడినచోఁ బ్రత్యంతరము దొరకవచ్చును. ఈ పురాణమునకుఁ బ్రత్యంతరము లేదు.

ఇట్టి సంపూర్ణకథలు కొన్ని చేరిన పిమ్మట రేడియోవారిని నిందింప నక్కఱయుండదు. విన్నవారు తామే యడుగుదురు. జానపదీశబ్దమున కుదాత్త మెచ్చటనో తెలిసిన శ్రోత యొక్కొక్క యూర నలుగురున్నచో, స్వరము తప్పిన పాట చెల్లదు.