బ్రేకు మెత్తబడితే ఏం చూడాలి? ఏం అడగాలి?

షెడ్డులో బ్రేకు పని చేయించి కారు ఇంటికి తెచ్చుకుంటాం. పెడల్ తొక్కితే స్పాంజి మీద కాలు పెట్టినట్టు మెత్తగా దిగుతుంది. అడిగితే "నాలుగు రోజులు తిప్పండమ్మా, అదే సర్దుకుంటుంది" అంటారు. కొత్త ప్యాడ్లు డిస్కుకు సరిగ్గా కుదురుకోవడానికి కొంత దూరం నడవాలి, నిజమే. కానీ గొట్టాల్లో గాలి చేరి ఉంటే, ఎన్నాళ్ళు తిప్పినా పోదు.

సూది లేని సిరంజిలో నీళ్ళు నింపి, మూతి వేలితో మూసి నొక్కి చూడండి. కదలదు. గాలి నింపి నొక్కండి, లోపలికి పోతుంది. బ్రేకు ఆయిల్ ఆ నీళ్ళలాంటిది. మన కాలి బలాన్ని అలాగే చక్రానికి చేరవేస్తుంది. మధ్యలో గాలి ఉంటే, ఆ బలం గాలిని నొక్కడానికే ఖర్చైపోతుంది.

కారును సమతలంలో ఆపి, న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేకు వేసి, ఇంజన్ ఆపి మూడు పరీక్షలు చేయండి.

1. పెడల్‌ను ఐదారుసార్లు గబగబా తొక్కండి. తొక్కేకొద్దీ పైకి వచ్చి గట్టిపడి, కాసేపు వదిలేస్తే మళ్ళీ మెత్తబడుతోందా? గాలి ఉండవచ్చు. వెనక డ్రమ్ బ్రేకులైతే లోపలి షూలు వదులుగా ఉండవచ్చు.

2. అర నిమిషం కాలు ఒకే బలంతో అదిమి ఉంచండి. మెల్లగా కిందికి జారుతోందంటే ఆయిల్ ఎక్కడో కారుతోంది, లేదా మాస్టర్ సిలిండర్ లోపల వాషర్లు అరిగాయి. ఆ కారును రోడ్డెక్కించకండి.

3. పెడల్ గట్టిపడేదాకా తొక్కి, కాలు తీయకుండా ఇంజన్ స్టార్ట్ చేయండి. కొంచెం దిగితే భయపడకండి. బూస్టర్ పని చేస్తోందని అర్థం.

బాగుచేశాక గాలి ఎలా చేరుతుంది? గాలి తీసేటప్పుడు ఆయిల్ డబ్బా ఖాళీ అయితే మళ్ళీ లోపలికి పీల్చుకుంటుంది. కుడి ఎడమ కాలిపర్లు తారుమారైతే, గాలి తీసే నిపిల్ కిందికి వస్తుంది. గాలి పైనే ఉండిపోతుంది. ఏబీఎస్ ఉన్న కొన్ని కార్లలో స్కానర్ పెట్టి తీయాల్సిందే.

ఆయిల్ సంగతీ అడగాలి. కొత్త డాట్ 4 ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పీల్చుకుంటే 155 డిగ్రీలకే మరగవచ్చు. నంది కొండ దిగుతూ బ్రేకు అదిమే ఉంచితే ఆ వేడికి ఆయిల్ ఆవిరై, పెడల్ ఒక్కసారిగా దిగిపోతుంది. అందుకే ఎప్పుడో తెరిచిన డబ్బాలోది పోయనివ్వకండి. దిగేటప్పుడు చిన్న గేరులో దిగండి.

షెడ్డుకు వెళ్ళి "బ్రేకు బాగాలేదు" అంటే కొట్టిపారేస్తారు. "అన్నా, పంపు చేస్తే గట్టిపడుతోంది, వదిలితే మెత్తబడుతోంది. నాలుగు చక్రాలకూ గాలి తీసి చూపించండి" అనండి. పెడల్ గట్టిపడిందని మన కాలితో మనమే చూసుకున్నాకే తాళం చేతికి తీసుకుందాం.