వేటజాగిలం – యంత్రశకటం

హైదరాబాదు నగరానికి పడమటి దిక్కున, ఒకప్పుడు బండరాళ్ళు, తుమ్మపొదలు నిండి ఉండిన మాదాపురం ప్రాంతంలో 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైనది. నాటి నుండి అచ్చట అద్దాల సౌధాలు వరుసగా వెలిసినవి. ఆ సౌధాలలో పనిచేసే యువకులు కొందరు పొడుగాటి కాళ్ళు, లోతైన రొమ్ము, పిడికెడు నడుము గల వేటజాగిలాలను ముచ్చటపడి పెంచుకొంటున్నారు. వేకువజామున గచ్చిబౌలి, కొండాపురం బాటలలో ఒక చేత స్కూటరు పిడిని, మరొక చేత కుక్క పట్టెడను పట్టుకొని సాగిపోయేవారు అప్పుడప్పుడు కనబడతారు. నగరం వెలుపల తోటలున్నవారు ఎగుడుదిగుడు నేలపై నడిచే నాలుగు చక్రాల ఏ.టి.వి. బండి ప్రక్కన వాటిని పరుగెత్తిస్తారు. ఈ వ్యాయామంలోని మంచిచెడ్డలను వివరించడమే ఈ వ్యాస లక్ష్యం. మన విద్యార్థులలో పలువురు రేపు ఆ సౌధాలలోనే ఉద్యోగాలు చేయబోతున్నారు కదా!

మన దక్కను పీఠభూమి వేటజాగిలాలకు పుట్టినిల్లు. కర్ణాటకలోని ముధోల్ పట్టణం పేర ప్రసిద్ధమైన ముధోల్ జాగిలాన్నే కారవాన్ హౌండ్ అని కూడ వ్యవహరిస్తారు. పశ్చిమాసియా నుండి వచ్చిన సార్థవాహుల వెంట దీని పూర్వీకులు వచ్చినవని ఒక ప్రతీతి. 2005లో భారత తపాలాశాఖ స్వదేశీ శునకాలపై వెలువరించిన బిళ్ళలలో దీనికి కూడ స్థానం లభించినది. ఇది వాసన కంటె చూపును నమ్ముకొని తరిమే జాతి. కనుచూపు మేరలో కదిలినదానిని కొద్దిపాటి కాలంలో అందుకొనడం దీని ప్రకృతి. అనగా ఇది మెరుపువేగానికి పుట్టినదే కాని, గంటల తరబడి ఏకధాటిగా ఉరకడానికి పుట్టినది కాదు. ఈ భేదాన్ని మొదట గ్రహించాలి.

అమెరికా దేశంలో వేటకాలం రాకమునుపు కుక్కలకు దమ్ము, కండపుష్టి కలిగించడానికి ఏ.టి.వి. బండిని విరివిగా వాడతారు. రొమ్ముకు జీను వంటి పట్టీ తొడిగి, బండికి అమర్చిన కడ్డీకి తగిలించి, నెమ్మదిగా నడిపిస్తారు. ఇందు ఉద్దేశించినది దౌడు కాదు, దుడుకు నడక. గంటకు పది పన్నెండు కిలోమీటర్లకు మించని ఆ నడకలో గుండె, స్నాయువులు, అరికాళ్ళ మెత్తలు క్రమంగా గట్టిపడతాయి. కనుక పద్ధతిలో దోషం లేదు. దోషం మరొకచోట ఉన్నది.

పూర్వం వేటగాడు గుర్రంపై వెళ్ళేవాడు. ఎండ గుర్రానికీ, రౌతుకూ, కుక్కకూ సమమే. గుర్రం నురగలు కక్కినప్పుడు వేట ఆగేది. దానితోపాటు కుక్కకూ విశ్రాంతి దొరికేది. నేడు ఆ గుర్రం స్థానంలోకి యంత్రం వచ్చినది. యంత్రానికి అలసట లేదు. నడిపేవాడు కూర్చుండి ఉంటాడు గనుక వానికీ తెలియదు. ఇక కుక్కకు “చాలు” అనే మాట రాదు. యజమాని ముందుకు పోతున్నంతవరకు కూలిపోయేదాకా వెంట వస్తుంది. దాని విశ్వాసమే దానికి ప్రాణాంతకమౌతుంది.

మనవలె కుక్కకు ఒళ్ళంతా చెమట పట్టదు. అరికాళ్ళలోని కొద్దిపాటి స్వేదగ్రంథులు చాలవు. నాలుక చాచి వగర్చడమే దానికి ముఖ్యమైన శీతలోపాయం. దాని సహజమైన దేహోష్ణం సుమారు 38 నుండి 39 డిగ్రీల సెల్సియస్. అది 41 డిగ్రీలు దాటితే వడదెబ్బ, అవయవాలు దెబ్బతినసాగుతాయి. ఏప్రిల్, మే మాసాలలో మన నగరంలో గాలివేడే 40 డిగ్రీలు దాటడం కద్దు. తారురోడ్డు అంతకంటె ఎంతో వేడెక్కుతుంది. ముంజేతిని ఏడు సెకన్లు నేలపై ఆనించి ఉంచలేకపోతే, ఆ నేలపై కుక్కను నడిపించరాదు.

ఇక పాటించదగిన నియమాలు. ఎముకలు ముదరని పిల్లలను, అనగా ఏడాది, ఏడాదిన్నర లోపువాటిని, బండి వెంట పరుగెత్తించరాదు. సూర్యోదయానికి ముందే, మెత్తని మట్టిబాటపైన, పది నిమిషాలతో ఆరంభించి వారాల తరబడి కొంచెం కొంచెంగా పెంచాలి. నడుమ విశ్రాంతిదినాలు ఉండాలి. వాడి రాళ్ళున్న మొరం నేలపై నడిపిన నాడు అరికాళ్ళను విధిగా పరీక్షించాలి. మెడపట్టెడకు బదులు రొమ్ముపట్టీ వాడాలి. కుక్క బండి వెనుక కాక, నడిపేవాని కంటికి ఆనే చోట ఉండాలి. పొగగొట్టం దాని ముక్కువైపు ఉండరాదు. ఒకరు బండి నడుపుతుండగా మరొకరు కుక్కను కనిపెట్టి ఉండడం ఉత్తమం. కడుపునిండా తిన్న వెంటనే పరుగు కూడదు. దౌడు తీయించాలంటే కంచె ఉన్న మైదానంలో, బండి లేకుండా, స్వేచ్ఛగా కొద్దిసేపు విడవాలి. వాహనాలు తిరిగే రహదారి దేనికీ తగదు. ఏ.టి.వి. బండ్లు సాధారణంగా మన రహదారులకు ఉద్దేశించినవి కానే కావు.

నాలుక వెడల్పై వ్రేలాడడం, లాలాజలం చిక్కబడడం, చిగుళ్ళు ముదురు ఎరుపెక్కడం, అడుగు తడబడడం – ఇవి ప్రమాదసూచనలు. తక్షణం ఆపి, నీడకు చేర్చి, ఒంటినిండా చల్లని నీరు పోసి, గాలి తగిలేట్లు చేయాలి. ముందు చల్లబరచి, ఆ పిమ్మట పశువైద్యుని వద్దకు కొనిపోవాలి.

మరొక హెచ్చరిక. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1991 నాటి సవరణతో వినోదార్థమైన వేటకు తావులేకుండ చేసినది. హైదరాబాదు విశ్వవిద్యాలయ ప్రాంగణంలో నేటికీ జింకలు, నెమళ్ళు సంచరిస్తున్నవి. అటువంటి చోట్ల జాగిలాన్ని వదలడం నేరమే కాక ఘోరం కూడ. నేటి వ్యాయామం వేట కొరకు కాదు, వేటకై పుట్టిన దేహం అపార్ట్‌మెంటు గదిలో క్షీణించకుండుట కొరకు.

నన్నయగారి భారతం ఆరంభంలోనే సరమ అనే దేవశునకం కథ ఉన్నది. యజ్ఞవాటికలో తన బిడ్డను నిష్కారణంగా కొట్టినవారి తీరును జనమేజయునికి తెలిపి, నిస్సహాయులకు ఆలోచన లేక కీడు చేసేవారికి అనుకోని ఆపదలు తప్పవని ఆమె హెచ్చరించినది. ఇస్లాం సంప్రదాయంలో, దప్పికతో మట్టి నాకుతున్న కుక్కను చూచి, బావిలోకి దిగి, తన తోలుజోడులో నీరు తెచ్చి త్రాగించిన బాటసారిని దైవం మన్నించిన ఉదంతం బుఖారీ హదీసులలో కలదు. ఆ బాటసారి తాను దాహంతో అలమటించినవాడు గనుకనే కుక్క దాహాన్ని గుర్తించగలిగినాడు. బండిపై కూర్చున్నవానికి ఆ అనుభవం లేదు. కాబట్టి పది నిమిషాలకొకసారి బండి దిగి, తాను కూడ జాగిలం ప్రక్కన కొంతదూరం నడవాలి. అప్పుడు ఎండ ఎంతటిదో, నేల ఎటువంటిదో తన పాదాలే తనకు చెబుతాయి.